రామానుజన్ పట్టికలో ఎగిరిపోయిన లైను

ముప్పై ఏళ్లపాటు చెన్నై జార్జిటౌన్‌లో, లింగిచెట్టి వీధిలోని ఒక సరుకు రవాణా ఆఫీసులో పద్దులు రాశాను. కంప్యూటర్లు ఇంకా రాని రోజులవి. పేజీ అడుగున మొత్తం కలవకపోతే మా హెడ్ గుమస్తా గారు ముందుగా అనే మాట ఒకటే, "లైనేమైనా ఎగిరిందేమో చూడవయ్యా." కూడిక తప్పడం కంటే లైను ఎగరడమే ఎక్కువ. చిట్టాలోంచి ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు చూడ్డానికి ఒకేలా ఉండే రెండు పద్దులు పక్కపక్కన పడ్డాయంటే, కన్ను ఒకదాని మీంచి రెండోదాని మీదికి జారిపోతుంది. ఎంత నిదానస్తుడికైనా అంతే.

శ్రీనివాస రామానుజన్ వేసిన పట్టికలో ఒక లైను ఎగిరిపోయిందని చదివిన రోజు నాకు గణితం కంటే ముందు ఆ హెడ్ గుమస్తా గారే గుర్తొచ్చారు. రామానుజన్ కూడా ఒకప్పుడు పద్దుల గుమస్తానే. 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టు ఖాతాల విభాగంలో నెలకు 30 రూపాయల జీతానికి చేరారు. మా వీధి చివరికెళ్లి రోడ్డు దాటితే హార్బరు. రెండేళ్లు తిరిగేసరికి, 1914 మార్చి 17న, అదే హార్బరులో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. మరుసటి ఏడాది లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఆయన పెద్ద వ్యాసం ఒకటి అచ్చయింది. అందులో 102 సంఖ్యల పట్టిక ఉంది. ఉండాల్సినవి 103.

చెన్నైలో ఎవరిని కదిపినా 1729 గురించి చెబుతారు. ఆ ట్యాక్సీ కథ అందరికీ వచ్చు, వదిలేద్దాం. పట్టికలో లేని ఆ సంఖ్య గురించి చెప్పేవాళ్లు తక్కువ. అది ఇదీ: 2,93,31,86,25,600. అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

దీని గొప్పతనం ఏమిటో చెప్పాలంటే చిన్న సంఖ్య దగ్గర మొదలుపెట్టడం మంచిది. సంక్రాంతికి మా ఆవిడ అరిసెలు లెక్కపెట్టి వండుతుంది. కోడంబాక్కంలో మా ఫ్లాట్లలో ఆ రోజు ఎంతమంది ఊళ్లో ఉంటారో, ఎన్ని ఇళ్లకు పంచాలో ముందుగా తేలదు. 50 చేస్తే మూడిళ్లకు సమంగా రావు, నాలుగిళ్లకు రావు, ఆరిళ్లకూ రావు. 60 చేస్తే రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, పది, పన్నెండు, పదిహేను ఇళ్లకు ఎలా పంచినా ఒక్కటీ మిగలదు. శేషం లేకుండా భాగించే సంఖ్యల్ని కారణాంకాలు అని బడిలో చెప్పారు కదా. 50కి అవి ఆరే. 60కి పన్నెండు. 60 కంటే చిన్న సంఖ్య దేనికీ పన్నెండు లేవు. దగ్గరికొచ్చింది 48, దానికి పది.

ఇలా తన కంటే చిన్నవాటన్నిటినీ కారణాంకాల లెక్కలో ఓడించిన సంఖ్యను రామానుజన్ 'హైలీ కాంపోజిట్' అన్నారు. నేను రికార్డు సంఖ్య అంటాను, హైజంప్‌లో రికార్డు లాగా. సమానంగా దూకితే చాలదు, దాటాలి. 60 తర్వాత 72, 84, 90, 96 వీటన్నిటికీ సరిగ్గా పన్నెండే కారణాంకాలు, అందుకని వాటికి చోటు లేదు. 120కి పదహారు, అది రికార్డు. వరుస ఇలా నడుస్తుంది: 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240... మొదట్లో దగ్గర దగ్గరగా ఉంటాయి, పోను పోను దూరమవుతాయి. 1ని పక్కన పెట్టి 2తో లెక్క మొదలెడితే మన 29,331 కోట్ల సంఖ్య 90వ రికార్డు.

దానికి కారణాంకాలు ఎన్ని? సరిగ్గా 5,040.

ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయి లెక్కపెట్టనక్కర్లేదు. సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే చాలు. ఇందులో 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5 రెండుసార్లు, 7 రెండుసార్లు, ఆ తర్వాత 11, 13, 17, 19 ఒక్కోసారి ఉన్నాయి. అన్నిటినీ గుణిస్తే మన సంఖ్య వచ్చేస్తుంది. ఇప్పుడు దీన్ని పెళ్లి పంక్తి అనుకోండి. వడ్డించేవాడి దగ్గర మీ కోసం ఆరు గారెలు, నాలుగు బూరెలు, రెండు లడ్లు, రెండు జాంగ్రీలు, ఒక అప్పడం, ఒక వడియం, ఒక అరటిపండు, ఒక కిళ్లీ ఉన్నాయి. ఏది ఎన్ని వేయించుకుంటారో మీ ఇష్టం, అసలు వద్దన్నా సరే. గారెల విషయంలో మీకు ఏడు దారులు: సున్నా నుంచి ఆరు దాకా. బూరెలకు అయిదు. లడ్లకు మూడు, జాంగ్రీలకు మూడు. మిగతా నాలిగింటికీ కావాలి, వద్దు అని రెండేసి. మొత్తం విస్తళ్లు 7×5×3×3×2×2×2×2. అది 5,040. ఒక్కో విస్తరీ ఒక్కో కారణాంకం. ఏమీ వేయించుకోని ఖాళీ విస్తరి 1. అన్నీ వేయించుకున్న విస్తరి ఆ సంఖ్యే.

పెద్ద సంఖ్య కదా, కారణాంకాలు బోలెడు ఉండడంలో వింతేముంది అనుకోకండి. దీనికి దగ్గర్లోనే 2,74,87,79,06,944 అని ఒక సంఖ్య ఉంది. 2ని 38 సార్లు గుణిస్తే వస్తుంది. దానికి కారణాంకాలు 39. ముప్పై తొమ్మిదంటే ముప్పై తొమ్మిదే. ముప్పై ఎనిమిది గారెలు పెట్టుకుని ఇంకేమీ వండని పెళ్లి అది.

మన సంఖ్య 1 నుంచి 22 దాకా ప్రతి సంఖ్యతోనూ నిశ్శేషంగా పోతుంది. 23 దగ్గర ఆగుతుంది. (ఈ 23ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.) 50 దాకా చూస్తే పోనివి ఎనిమిదే: 23, 29, 31, 37, 41, 43, 46, 47. ఒకటి నుంచి 22 దాకా అన్నిటి క.సా.గు. 23,27,92,560. దాన్ని 1,260తో గుణిస్తే మన సంఖ్య. ఆ 1,260 కూడా ఒక రికార్డు సంఖ్యేనని గమనించినప్పుడు నాకు కాస్త ముచ్చటేసింది. అందులో పెద్ద రహస్యమేమీ లేకపోవచ్చు.

రికార్డు సంఖ్యల్ని వెతకడానికి ప్రతి సంఖ్యనూ పరీక్షించే పని లేదు. వాటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఒకటి, ప్రధాన సంఖ్యలు వరసగా ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. 13 వదిలేసి 17 పెట్టారనుకోండి, 17 తీసి 13 పెడితే కారణాంకాలు అన్నే ఉంటాయి, సంఖ్య చిన్నదవుతుంది. అప్పుడు పాతది రికార్డు ఎలా అవుతుంది? రెండు, చిన్న ప్రధాన సంఖ్య కంటే పెద్దది ఎక్కువసార్లు రాకూడదు. ఇదీ అదే వాదన: 3లు ఆరు, 2లు నాలుగు ఉంటే అటూ ఇటూ మార్చండి, సంఖ్య తగ్గుతుంది. మూడోది కొంచెం లోతైనది, రామానుజన్ నిరూపించినది: అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుంది. దీనికి మినహాయింపులు రెండే రెండు, 4, 36. అనంతంగా సాగే వరుసలో ఈ రెండింటికే మినహాయింపు!

ఈ కట్టుబాట్ల వల్ల వెతకాల్సిన గుంపు బాగా తగ్గుతుంది. కానీ తగ్గినా మిగిలేవి తక్కువేం కావు, వాటిలో ఏది ఏదాన్ని ఓడిస్తుందో చేత్తో పోల్చుకుంటూ రావాలి. అసలు పేచీ అక్కడే.

ఎగిరిపోయిన లైనుకు పైనా కిందా ఉన్న పద్దులు చూద్దాం. పైన 2,40,94,02,99,600, కారణాంకాలు 4,800. కింద 3,21,25,37,32,800, కారణాంకాలు 5,376. మధ్యలో మనది, 5,040తో. ఇలా అంకెల్లో చూస్తే ఏమీ తెలియదు. మూడింటినీ ఒకే చిన్న సంఖ్యతో పోల్చి చూస్తే అంతా తెలుస్తుంది. అది 13,96,75,53,600. అదీ ఒక రికార్డు సంఖ్యే, కారణాంకాలు 2,688. దీన్ని 23తో గుణిస్తే కింది పద్దు. 17.25తో గుణిస్తే పై పద్దు. 21తో గుణిస్తే మనది.

21, 23. ఎంత దగ్గరో చూడండి. పనితీరు మాత్రం వేరు. 23 కొత్త ప్రధాన సంఖ్య, పంక్తిలో కొత్త వంటకం. కావాలి, వద్దు అనే రెండు దారులు చేరి, 2,688 రెట్టింపై 5,376 అవుతుంది. 21లో కొత్తదేమీ లేదు. అది 3×7. ఉన్న బూరెలకు ఒక బూరె, ఉన్న జాంగ్రీకి ఒక జాంగ్రీ. బూరెల దారులు నాలుగు నుంచి అయిదు, జాంగ్రీల దారులు రెండు నుంచి మూడు. కలిపి చూస్తే 15/8 రెట్లు, అంటే 1.875. రెట్టింపుకు కాస్త తక్కువ. 2,688ని 1.875తో గుణిస్తే 5,040. ధరలో 23 కంటే 21 కాస్త చవక, ఫలితంలోనూ కాస్త తక్కువ. పైనున్న 4,800ను దాటింది, కాబట్టి రికార్డు. దాటకపోయి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అసలు ఆ ప్రాంతమంతా రెండు కుటుంబాలు కలిసి నడిచే చోటు. 64 వందల కోట్ల సుమారులో మొదటిసారిగా 23 ఉన్న రికార్డు సంఖ్య వస్తుంది. అయినా 19తో ఆగే పాత కుటుంబం వెంటనే తప్పుకోదు. ఒకటి కొత్తది, ఒకటి పాతది, ఒకటి కొత్తది, ఒకటి పాతది అంటూ వంతులవారీగా వస్తాయి. ఆ తర్వాత కొత్తవి వరసగా రెండు, 16,062 కోట్లది ఒకటి, 24,094 కోట్లది ఒకటి. ఇక పాత కుటుంబం పని అయిపోయిందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు, ఒకే ఒక్కసారి, పాత కుటుంబం నుంచి ఆఖరిది వస్తుంది. అదే మన సంఖ్య. దాని తర్వాత పట్టిక చివరి దాకా 23 లేని రికార్డు సంఖ్య ఒక్కటీ లేదు. రూటు మారిపోయింది, కొత్త నంబరు బస్సులు తిరుగుతున్నాయి, పాత నంబరు బోర్డుతో ఆఖరి బస్సు ఒకటి చీకటి పడ్డాక వచ్చింది. స్టాపులో ఎవరూ లేరు.

రామానుజన్ దీన్ని ఎందుకు వదిలేశారో రుజువుతో చెప్పగలిగేది కాదు. నా ఊహ నాది, గుమస్తా ఊహ. రెండు లైన్లు వరసగా 23తో వచ్చాక చెయ్యి అదే ఊపులో మూడో 23 లైనుకు వెళ్లిపోయి ఉంటుంది. గణితం రాక వదిలేసింది కాదిది. ఎందుకంటే ఆ పట్టికలో ఆఖరి సంఖ్య 67,46,32,83,88,800. 10,080 కారణాంకాలు. దాన్ని 23తో భాగించి చూడండి. మన సంఖ్యే వస్తుంది, ఒక్క అంకె తేడా లేకుండా. 2లు ఆరు, 3లు నాలుగు, 5లు రెండు, 7లు రెండు అన్న అదే పొందిక ఆయన చేతిలో ఉంది, దాని పక్కన 23 చేర్చి పట్టిక ముగించారు. చేర్చకముందు ఉన్న రూపమే పదమూడు లైన్ల పైన చేరకుండా పోయింది. మా హెడ్ గుమస్తా గారైతే ఇక్కడ "నకలు పొరపాటు" అని ఎర్ర సిరాతో రాసి ముందుకు పోయేవారు. 1916 మార్చిలో ఈ అంశం మీది పరిశోధనకే కేంబ్రిడ్జి ఆయనకు డిగ్రీ ఇచ్చింది. ఒక్క లైను దానికి అడ్డురాలేదు, రాకూడదు కూడా.

ఇంకో విశేషం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే, అందుకే కాస్త నింపాదిగా చెబుతాను.

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. ఇక్కడి బడిలో దానికి 'ఫ్యాక్టర్స్' తెలుసు, కారణాంకాలు అన్న మాట నా దగ్గరే విన్నది. ఈ 5,040 కథ చెబుతుంటే అడ్డొచ్చి, "మావయ్యా, ఆ 5,040కి ఎన్ని ఫ్యాక్టర్స్?" అంది. చేసి చూడమన్నాను. 60 వచ్చింది. 60కి? 12. 12కి? 6. 6కి 4. 4కి 3. "అన్నీ నువ్వు చెప్పిన రికార్డు నంబర్లే కదా!" అంది. 3 ఒక్కటీ కాదు, మిగతావన్నీ అవును.

తిరగేసి చూస్తే ఇంకా బాగుంటుంది. సరిగ్గా 3 కారణాంకాలున్న అతి చిన్న సంఖ్య ఏది? 4. సరిగ్గా 4 ఉన్న అతి చిన్నది 6. ఆరు ఉన్నది 12. పన్నెండు ఉన్నది 60. అరవై ఉన్నది 5,040. ఇక 5,040 ఉన్న అతి చిన్న సంఖ్య, రామానుజన్ పట్టికలో ఎగిరిపోయినదే. 3 నుంచి ఆరు అంగల్లో 29,331 కోట్లు దాటింది.

ప్రతి అంగకూ కిటుకు ఒక్కటే. 60ని ప్రధాన సంఖ్యలుగా పెద్దదాని నుంచి చిన్నదానికి రాయండి: 5, 3, 2, 2. ఒక్కోదాంట్లోంచి ఒకటి తీయండి: 4, 2, 1, 1. అంటే 2లు నాలుగు, 3లు రెండు, ఒక 5, ఒక 7. గుణిస్తే 5,040. ఇప్పుడు 5,040ని అలాగే రాయండి: 7, 5, 3, 3, 2, 2, 2, 2. ఒకటి తీస్తే 6, 4, 2, 2, 1, 1, 1, 1. పెళ్లి విస్తరి మళ్లీ కళ్లముందుకొచ్చింది. ఈ కిటుకు అన్ని సంఖ్యలకూ పారదు. 8ని 2, 2, 2 అని రాసి ఒకటి తీస్తే 2×3×5, అంటే 30 వస్తుంది. కానీ 24కే ఎనిమిది కారణాంకాలున్నాయి. మన గొలుసులో మాత్రం ప్రతిచోటా పారింది.

"తర్వాతది ఎంత?" అని అడగకుండా ఉంటుందా? 29,331 కోట్ల కారణాంకాలున్న అతి చిన్న సంఖ్య ఎంతుంటుంది? దానికి 75 అంకెలు. చివర పన్నెండు సున్నాలు. కోట్లు, లక్షల కోట్లు అనే మాటలు అక్కడ చాలవు. అదీ రికార్డు సంఖ్యేనా? కాదు. ఎందుకు కాదో ఆ పిల్లకే చెప్పగలిగాను, 75 అంకెలూ రాయకుండానే. కిటుకు ప్రకారం అందులో 2లు పద్దెనిమిది ఉంటాయి. 61 దాకా ప్రధాన సంఖ్యలన్నీ ఉంటాయి, 67 ఉండదు. ఇప్పుడు 2లు తొమ్మిది తీసేసి, ఒక 67 చేర్చండి. తీసేసింది 512 రెట్లు, చేర్చింది 67 రెట్లు, కాబట్టి సంఖ్య చిన్నదైంది. దారుల లెక్క? పద్దెనిమిది గారెలకు 19 దారులు ఉండేవి. ఇప్పుడు తొమ్మిది గారెలకు పది, 67కి రెండు, వెరసి 20. సంఖ్య తగ్గి, కారణాంకాలు పెరిగాయి. రికార్డు పోయింది. మన సంఖ్యలో 19, 17 లాంటి పెద్ద ప్రధాన సంఖ్యలు ఉండడమే దీనికి కారణం. సరిగ్గా అన్నే కావాలనే పట్టుదలకు పోతే వాటి కోసం పద్దెనిమిదేసి గారెలు వేయాల్సి వస్తుంది, అది పొదుపైన వంట కాదు. 4, 6, 12, 60, 5,040, ఆపైన ఎగిరిపోయిన సంఖ్య: గొలుసులో రికార్డులన్నీ ఈ ఆరే. ఆరోదాంతో తెగింది.

5,040 గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఒకటి నుంచి ఏడు దాకా గుణిస్తే వచ్చే సంఖ్య అది. ప్లేటో తన 'లాస్' గ్రంథంలో ఆదర్శ నగరానికి 5,040 కుటుంబాలుండాలన్నాడు. తనను వదిలేసి 59 సంఖ్యలతో పోతుందని, 1 నుంచి 10 దాకా అన్నిటితోనూ పోతుందని కారణం చెప్పాడు. పన్నులకూ సైన్యానికీ పంపకాలు తేలికవుతాయని. మా ఆవిడ అరిసెల లెక్కే, కాస్త పెద్ద ఎత్తున.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ 5,040 ఊహించని చోట తేలింది. కారణాంకాలు ఎన్ని అని కాక, అన్నిటినీ కూడితే ఎంత అని అడుగుదాం. 5,040 కారణాంకాల మొత్తం 19,344, అంటే తనకు 3.838 రెట్లు. సంఖ్య పెరిగేకొద్దీ ఈ రెట్టు ఎంతదాకా పెరగగలదు? దానికో గీత ఉంది. సంఖ్యకు సహజ సంవర్గమానం తీసి, వచ్చినదానికి మళ్లీ సంవర్గమానం తీసి, సుమారు 1.781తో గుణిస్తే ఆ గీత ఎత్తు తెలుస్తుంది. 5,040 దగ్గర గీత ఎత్తు 3.817. అంటే 5,040 గీతను దాటింది. ఇలా దాటే సంఖ్యలు చిన్నవాటిలో కొన్ని ఉన్నాయి, తెలిసినంతలో ఆఖరిది 5,040. 1984లో గై రాబిన్ అనే ఫ్రెంచి గణితవేత్త దీని గురించి ఆశ్చర్యం కలిగించే విషయం నిరూపించాడు. 5,040 తర్వాత ఒక్క సంఖ్య కూడా ఆ గీతను దాటదన్నా, ప్రధాన సంఖ్యల గురించి జర్మన్ గణితవేత్త రీమాన్ 1859లో చెప్పి ఇప్పటికీ ఎవరూ నిరూపించలేకపోయిన పరికల్పన నిజమన్నా, రెండూ ఒకే మాట. గీత దాటిన సంఖ్య ఎక్కడో ఒక్కటి దొరికినా రీమాన్ మాట కూలిపోతుంది.

రామానుజన్ అప్పటికే ఈ దారిలో నడిచారు. 1915 నాటి వ్యాసం ఆయన రాసినంతా అచ్చు కాలేదు. సొసైటీకి డబ్బు ఇబ్బంది ఉండి కొంత భాగం ఆపేశారు. అచ్చుకాని ఆ కాగితాల్లో, రీమాన్ మాట నిజమైతే చాలా పెద్ద సంఖ్యలేవీ ఆ గీతను దాటవనే ఫలితం ఉంది. అవి 1997లో ది రామానుజన్ జర్నల్‌లో, జాన్ లూయీ నికొలా, గై రాబిన్‌ల వ్యాఖ్యలతో వెలువడ్డాయి. ఒక లైను ఎగిరిపోయిందని మనం ఇంతసేపు మాట్లాడుకున్నాం, అక్కడ ఏకంగా పేజీలే ఎనభై ఏళ్లు ఆగిపోయాయి.

మన సంఖ్య గీతను దాటుతుందా? దాని కారణాంకాల మొత్తం 1,64,224 కోట్ల 30 లక్షల 14 వేల 720. తనకు 5.599 రెట్లు. అక్కడ గీత ఎత్తు 5.830. దాటలేదు.

ఇదంతా విన్నాక మా మేనకోడలు 5,040 కారణాంకాలూ రాసేద్దామంది. అటక మీద నా పాత ఆవర్జా ఖాళీది ఒకటి ఉంది, పేజీకి 40 లైన్లు. కారణాంకాలు జతలుగా వస్తాయి కాబట్టి ఎడమవైపు చిన్నది, కుడివైపు పెద్దది రాస్తే 2,520 లైన్లు, 63 పేజీలు. మొదటి లైనులో ఎడమ 1, కుడి ఆ సంఖ్యే. రెండో లైనులో 2, 14,665 కోట్ల చిల్లర. ఎడమవి పెరుగుతూ, కుడివి తగ్గుతూ పోయి ఆఖరి లైనులో దగ్గరకు రావాలి. మూడు పేజీలకే దానికి విసుగొచ్చింది. "మావయ్యా, ఆఖరి లైను ముందే తెలుసుకోవచ్చా?" అంది.

వర్గమూలం తీశాం. 5,41,588.98. పూర్ణ సంఖ్యగా తీసుకుంటే 5,41,589. దాని వర్గం మన సంఖ్య కంటే 19,321 ఎక్కువ. 19,321 వైపు చాలాసేపు చూసి అది కాలిక్యులేటర్‌లో వర్గమూలం నొక్కింది. సరిగ్గా 139. రెండు వర్గాల తేడా అంటే ఎనిమిదో తరగతి సూత్రమే, మొత్తాన్ని తేడాతో గుణించడం. 5,41,589లోంచి 139 తీసి ఒకటి, కలిపి ఒకటి.

ఆవర్జా 63వ పేజీ తీసి, అడుగు లైనులో రాసింది: ఎడమ 5,41,450, కుడి 5,41,728. మధ్యలో ఇంకో 59 పేజీలు ఖాళీగా ఉన్నాయి.